ఇల్లు–వాకిలి: రేగడిమీద గచ్చు

పర్చూరు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారిది ప్రత్తియు మిరపయు పండించు కుటుంబము. పెనిమిటికి ఒంగోలుజాతి యెడ్లపై మక్కువ యెక్కువ. బండలాగుడు పందెములకై యొక జతను పెంచుచున్నారు. ఎడ్లకొట్టము నానుకొని రెండు గదులు వేయదలచినారు. రాత్రులయం దెడ్లను కనిపెట్టియుండువారు వానిలో పరుండవలయును. పంటలు వచ్చినప్పుడు మిరపకాయల టిక్కీలు కొన్నినాళ్లు వానిలోనే యుండవలయును. మోకాళ్లనొప్పులచే మేడ యెక్కలేని అత్తగారు పగలంతయు నచ్చటనే కూర్చుండెదరు. ఈ గదులకు నేల యేది వేయవలయునను విషయమై యింట తగవు పుట్టినది. పట్టణమున నుద్యోగము చేయు కుమారుడు అద్దమువలె మెఱయు టైల్సు వేయుమనుచున్నాడు. పెనిమిటి, చీమకుర్తి చేరువలో నుండగా గ్రానైటు గాక వేరొక టేల యనుచున్నారు. అత్తగారు నాపరాళ్లు చాలునని యందురు. "ఆ నేలను దినదినము తుడువవలసినదానను నేను. నన్నడిగినవారు లేరు" అని యా సోదరి జాబు ముగించినారు.

ఆ చివరిమాటయే ఈ నెల మాచేత ఈ విషయమును వ్రాయించుచున్నది. నేల యనునది యింటిలో నన్నిటికంటె నెక్కువగా స్త్రీ చేతికిని కాలికిని తగులు వస్తువు. దానిని కొనునప్పుడు మాత్రము దుకాణమున బేరమాడువారు పురుషులు.

అయితే రాయి మంచిదా, టైలు మంచిదా యని యారంభించినచో మనము తప్పుత్రోవ పట్టినవార మగుదుము. మేమును ఒకప్పు డా త్రోవనే పట్టితిమి. 20 ఏండ్ల క్రిందట చిలకలూరిపేట చేరువనున్న గ్రామమున ఇల్లు కట్టుకొన్నప్పుడు రంగు, నునుపు, ధర అను మూటిని గూర్చి నెలదినములు తర్కించితిమి. గచ్చు క్రింద నేమి యుండవలయునని యొక్కపూటయైన నాలోచింపలేదు. పునాదులు త్రవ్వగా వచ్చిన నల్లమట్టి వాకిట గుట్టగా నుండెను. దానిని దూరముగా తోలించి, వేరొక మట్టిని కొని తెచ్చుట దండుగ యని తలచి, ఆ మట్టినే బేస్‌మట్టములో నింపించితిమి. మేస్త్రి వలదన్న మాట నిజము, మేము వినలేదు. మూడవయేట వానలు వెలసిన పిమ్మట నడిమిగది గచ్చు బోర్లించిన తట్టవలె నుబ్బెను. తలుపు నేలకు రాచుకొని తెరువరాదయ్యెను. వడ్రంగిని పిలిచి తలుపు క్రిందిభాగమును కోయించితిమి. వేసవి రాగానే గచ్చు మరల క్రుంగి తలుపు క్రింద సందు మిగిలెను. ఆ సందునుండి యొక రాత్రి తేలు లోపలికి వచ్చెను. పైన వేసిన రాళ్లు మేలైనవే. వానిలో సగము పగిలినవి.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు ప్రాంతములలో పెక్కుచోట్ల నల్లరేగడిభూమియే. ఇది ప్రత్తికి తల్లి, గచ్చునకు సవతి. ఈ మట్టిలోని బంకకణములు మిక్కిలి పలుచని రేకులు దొంతరగా పేర్చినట్లుండును. తడి తగిలినచో ఆ రేకుల నడుమకు నీరు చొచ్చి మట్టి యుబ్బును. ఎండ తగిలినచో నీరు వెడలి క్రుంగి నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో మన చేలలో చేయి దూరునంతటి నెఱ్ఱెలను చూడనివారు లేరు. ఇంటిక్రింద నున్నది కూడ ఆ మట్టియే యని మాత్రము మఱచిపోవుదుము.

ఇందొక చిత్రమున్నది. ఇల్లు కట్టగానే దాని క్రింది భూమికి ఎండ తగులుట మానును. పైకి ఆవిరి పోవుట తగ్గును. అందుచే గది నడుమభాగమున భూమి యేటికేడు కొంచెము కొంచెముగా తడినిలుపుకొని పైకి లేచును. గోడల యంచున నున్న భూమి మాత్రము ఋతువులనుబట్టి యుబ్బుచు క్రుంగుచు నుండును. గోడలు బరువైనవి గనుక తమ క్రింది మట్టిని కొంత యణచిపెట్టగలవు. గచ్చు తేలిక, అది లేచిపోవును. కావుననే గోడలు నిలిచియుండగా నేల పగిలిన యిండ్లు ఈ ప్రాంతమున నన్ని కనబడును.

మన అమ్మమ్మల కాలమున నేల లేల పగులలేదని యడుగువారు కలరు. పగిలినవి. కాని మట్టినేల పగిలినను దానికి వెంటనే వైద్యము జరుగుచుండెను. ప్రతి శుక్రవారము పేడయు ఎఱ్ఱమట్టియు కలిపి అలుకుటలో సన్నని నెఱ్ఱెలన్నియు పూడిపోయెడివి. భూమి కదలుచుండ నేలయు దానితో కదలుచు, ఆడువారి చేత వారమువారము బాగుపడుచుండెను. మనము రాతిని టైలును పఱచి, నెలకొకసారి తడిగుడ్డతో తుడిచిన చాలుననుకొన్నప్పుడు, ఆ నిత్యవైద్యమును మానితిమన్నమాట. దాని బదులు భూమి కదలకుండ ముందుగానే యేర్పాటు చేయవలసియుండును. మట్టినేలకు మరలిపొండని మేము చెప్పుటలేదు. వంగి వంగి అలికిన నడుముల నొప్పిని మేమెఱుగుదుము.

ముందుగా చేయవలసిన దేమనగా, గది వైశాల్యమంతటను నల్లమట్టిని కనీసము 2, 3 అడుగుల లోతు తీసివేయించి, దానికి బదులు ఉబ్బని ఎఱ్ఱగరుసు మట్టిని నింపించుట. ఈ మట్టిని ఒక్కమాఱుగా పోయరాదు. అర్ధ అడుగు మందమున పఱచి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపడువఱకు కొట్టించి, ఆమీద మఱియొక వరుస పోయవలయును. కూలివాండ్రు మొదటి రెండు వరుసలు బాగుగా కొట్టి తక్కినవానిని త్రొక్కి వదలుదురు. దగ్గఱ కూర్చుండి లెక్కపెట్టువా రుండవలయును. బొంబాయి ఐ.ఐ.టి. లో ఆచార్య ఆర్.కె. కట్టిగారు 1970 దశకమున చేసిన పరిశోధనలలో, బంకగలిగియు ఉబ్బని మట్టిని సుమారు ఒక మీటరు మందమున పఱచినచో క్రింది రేగడి యుబ్బు పైకి రాకుండ నిలుచునని తేలినది. ఇంటిగదులకు అంత లోతు త్రవ్వుట యందఱకు సాధ్యముగాకపోవచ్చును. లోతు పెరిగినకొలది మేలు.

ఇసుక చౌకగా దొరికినదని ఇసుకనే నింపుదమను మేస్త్రులు కలరు. రేగడిమీద ఇసుక మంచిది కాదు. ఎచ్చటనైన నీరు దిగినచో ఇసుక దానిని త్రాగి, తొట్టివలె నిలువయుంచి, క్రింది రేగడికి నెమ్మదిగా నందించుచుండును. ఎఱ్ఱగరుసు బొత్తిగా దొరకనిచోట నల్లమట్టిలోనే సున్నము కలిపి దాని యుబ్బును తగ్గించు పద్ధతియు గలదు. సున్నపుబట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల మనకు దగ్గఱనే యున్నది. అయితే సున్నపుపాళ్లు మట్టినిబట్టి మాఱును గనుక ఇంజనీరు నడిగి చేయవలయునే గాని ఊహపై చేయరాదు. తడుపని కాల్చినసున్నము కన్నులలో పడినచో చూపునకే ముప్పు. కలుపు దినమున పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు.

ఇల్లంతయు క్రొత్తగా కట్టువారైనచో గోడల పునాదిని గూర్చియు ఇంజనీరుతో మాటలాడవలయును. రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధనాలయమువారు రేగడిభూములకనియే అడుగున ఉబ్బెత్తుగా నుండు కాంక్రీటు స్తంభముల పద్ధతిని వృద్ధిచేసినారు. ఋతువులతో కదలు పైమట్టిని దాటి, క్రింద కదలనిచోట ఆ స్తంభము లానుకొనును.

నింపిన మట్టి యొక వర్షాకాలము గడచువఱకు ఆగగలిగినవా రదృష్టవంతులు. అట్లాగినచో క్రుంగవలసినదంతయు ముందే క్రుంగును. ఆమీద కంకరగచ్చు వేయునప్పుడు దాని క్రింద మందమైన ప్లాస్టిక్ పట్టా పఱపించినచో భూమిచెమ్మ పైకి రాదు. గచ్చును గోడకు బిగించి కట్టక, చుట్టును అర అంగుళము సందు విడువవలయును. రెండును వేరువేరుగా కదలునవి. బిగించినచో ఒకటి మఱియొకదానిని చీల్చును. గోడ యడుగున వేయు అంచుపట్టీ ఆ సందును కప్పును గనుక చూపునకు లోపముండదు.

ఇంటిచుట్టును బయట 3 అడుగుల వెడల్పున, వెలుపలికి వాలుగా గచ్చు చేయించుట మఱవరాదు. వానచూరు నీరు గోడ మొదట దిగకుండ అదియే కాపాడును. స్నానపునీరు, గిన్నెలు తోమిన నీరు గోడప్రక్కనే యింకుచుండుట మన పల్లెలలో సాధారణము. రేగడిభూమిలో అంతకన్న చేటు లేదు. వేప, రావి వంటి పెద్దచెట్టును ఇంటిగోడ కానించి నాటరాదు. చెట్టు ఎంత యెత్తు పెరుగునో అంత దూరమున నుండుట మేలని చెప్పుదురు. ఏలయన వేళ్లు వేసవిలో తడిని లాగివేయగా ఆ ప్రక్క భూమి క్రుంగును.

ఇంతవఱకు వ్రాసినదాని కంతకు వ్యయమగును. కనబడని పని గనుక మగవారికి మనస్సొప్పదు. చేతిలో ధనము తక్కువైనచో పైనవేయు రాతిలో తగ్గించుకొనవలయునే గాని అడుగుపనిలో తగ్గింపరాదని మా దృఢాభిప్రాయము. సాదా సిమెంటుగచ్చుతో నాలుగేండ్లు గడిపి తరువాత రాయి వేసికొనవచ్చును. రాయి వేసిన తరువాత అడుగు బాగుచేయుట సాధ్యముగాదు.

ఇక పైనేల. అత్తగారు కోరిన నాపరాతిని గూర్చి ముందు చెప్పెదము. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములలో దొరకు ఈ రాయి సున్నపురాతిజాతిది. ఆ ప్రాంతములు 2022 వఱకు గుంటూరు జిల్లాలోనివి. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనివి. పొరలుపొరలుగా నేర్పడిన రాయి గనుక బల్లపఱుపుగా చీలును. కోతకూలి తక్కువ, కావుననే చౌక. వేసవిలో చల్లగా నుండును. చౌకయని చిన్నచూపు చూడనక్కఱలేదు. రెండువేల యేండ్ల నాడు అమరావతి స్తూపమునకును, తరువాత నాగార్జునకొండ విహారములకును శిల్పులు చెక్కినది ఈ పల్నాటి సున్నపురాతినే. 1797లో మెకంజీదొర అమరావతిని చూచునాటికి అచ్చటి దిబ్బనుండి రాళ్లు తీసి క్రొత్త కట్టడములకు వాడుకొనుచుండిరి. మిగిలిన ఫలకములు నేడు చెన్నపట్టణపు మ్యూజియమునను, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునను ఉన్నవి. వానిపై చెక్కిన పువ్వురేకులు నేటికిని స్పష్టముగా తెలియును. అయితే వానిమీద ఎవరును చింతపండురసము పోయలేదు.

నాపరాతికిని, దాని బంధువులైన కడపరాతికిని, బేతంచెర్ల, తాండూరు బండలకును పులుపు పగ. సున్నపురాయి పులుపు తగిలిన కరగును. నిమ్మరసము, చింతపండు, గోంగూరపచ్చడి, పులిసిన మజ్జిగ ఒలికి కొంతసేపు నిలిచినచో నునుపుపోయి తెల్లనిమచ్చ పడును. ఆ మచ్చ మురికి కాదు గనుక తోమిన పోదు, రాయియే తరిగిపోయినది. దుకాణములో ఏ రాయి యే జాతిదో తెలియనప్పుడు ఒక మూల నిమ్మరసపుచుక్క వేసి కొంతసేపాగి తుడిచి చూచినచో తెలిసిపోవును. ఇట్టి నేలను యాసిడ్‌తో కడుగుట రాతిని చేజేతుల చెరుపుకొనుట. మరుగుదొడ్డికై కొన్న సీసాతోనే గదిని కూడ కడుగు పనివాండ్రు కలరు. ఆ సీసాను వారి కందనిచోట నుంచవలయును. ఊరగాయలు పెట్టు దినములలో నేలపై పాతచాప యొకటి పఱచుకొన్నచో నూనె, కారము, పసుపు రాతి రంధ్రములలోనికి ఇంకవు.

చీమకుర్తి రాయి జగత్ప్రసిద్ధమైనది. నల్లనిరాతిలో బంగారురజను చల్లినట్లుండు ఆ గెలాక్సీరాయి సముద్రములు దాటి పోవుచున్నది. వర్తకమున దానిని గ్రానైటందురు గాని భూగర్భశాస్త్రజ్ఞులు గాబ్రోజాతిలో చేర్చుదురు. పులుపునకు చలింపదు, గీతలు పడుట యరుదు, వంటయింటి తిన్నెకు అంతకన్న మేలైనది లేదు. నేలకు వేయుటయందు మాత్రము మాకు రెండు సందేహములు. మొదటిది, మన బోరుబావులలో పెక్కిటినీరు ఉప్పన, సున్నము గలది. తుడిచి ఆరినంతనే నల్లనిరాతిపై తెల్లని చారలు తేలును. దుమ్మును, పాదపుజాడలును అట్లే కనబడును. కారము, ప్రత్తిదూది ఎగురు ఇంటిలో నల్లని నునుపునేలను నిగనిగలాడించుట ఒక మనిషికి దినమంతయు పని. రెండవది, మెఱుగుపెట్టిన రాయి తడిసిన జారును. పెద్దవయసువారికి తుంటియెముక విఱుగుట యనగా నెలలకొలది మంచము. కొందఱు మరల నడువనే లేరు. గ్రానైటే కావలయునన్నచో నిప్పుసెగతో పైపొర గఱుకుచేసిన దానిని మెట్లకు, గడపలకు వేసికొనుట యుక్తము.

కుమారుడు కోరిన టైల్సులో మేలైనవి నూటికి అరపాలుకంటె తక్కువ నీరు పీల్చును. అందుచే మచ్చలు పట్టవు, పులుపునకు భయములేదు. గుజరాతులోని మోర్బీనుండి మనదేశమంతటికిని వచ్చుచున్నవి. తుడుచుట తేలిక యనుటలో సందేహములేదు. మేము దానిని చిన్నగుణముగా చెప్పుటలేదు. కాని టైలు పలుచనిది. దాని క్రింద గుప్పెడంత డొల్ల యున్నను, 40 కిలోలకు పైబడిన మిరపటిక్కీని భుజముమీదినుండి దభాలున దింపినచో ఆ చోట పగులును. క్రిందిగచ్చు వెండ్రుకవాసి చీలినను ఆ చీలిక టైలుమీద తెలిసిపోవును. అద్దపుమెఱుగు గలవానిని మానుకొని గఱుకువానిని కొనవలయును. స్నానపుగదిలో చిన్నబిళ్లలైనచో సందు లెక్కువయై కాలికి పట్టు దొరకును.

చుట్టగా వచ్చు వినైలు పఱుపును గూర్చి యిద్దఱు ముగ్గురు సోదరీమణు లడిగినారు. చెమ్మలేని మేడగదిలో అది బాగుగనే యుండును. చెమ్మగల నేలపై పఱచినచో క్రింద తడి చిక్కుకొని వాసన పుట్టును. ఎడ్లకొట్టము ప్రక్కగదికి అది తగదు. చెక్కనేల చెదపురుగుల కాహారమని వేఱుగా చెప్పనక్కఱలేదు. పాతయిండ్లలోని ఎఱ్ఱగచ్చు అందమునకు, చల్లదనమునకు సాటిలేనిదే గాని, దానిని మెఱుగెక్కునట్లు రుద్దగల మేస్త్రులు నేడు కనబడుట కష్టము.

ఆ సోదరి యింటివిషయమున విశేషముగా చూడవలసినది కొట్టమునకును గదులకును గల పొత్తు. కొట్టపునేలకంటె గదినేల కనీసము ఒక అడుగు ఎత్తుగా నుండవలయును. కొట్టపునేల గోడవైపునకు గాక అవతలివైపునకు వాలవలయును. 40 అడుగుల కొక అడుగు చొప్పున వాలు చాలును. ఆ వాలు చివర కాలువ, కాలువ చివర పెంటగుంట. ఈ యేర్పాటు లేనిచో ఎడ్ల మూత్రము గోడమొదట నింకి, రేగడి యుబ్బి, ప్రక్కగది గచ్చు లేచును. వాసనచేత పరుండినవారి కన్నులు మండును. ఎద్దుకాలికి నున్ననినేల శత్రువు. వేలకొలది రూపాయల విలువగల యెద్దు ఒక్కమాఱు కాలుజాఱిన పందెములన్నియు ముగిసినట్లే. కొట్టమున గఱుకురాళ్లే వేయవలయును. సిమెంటు వేసినచో తడిగా నుండగానే త్రాటితో అడ్డగీతలు నొక్కించినచో గిట్టకు పట్టు దొరకును.

పందెములకు ఎడ్లను లారీలో తీసికొనిపోవునప్పుడును ఇదియే చింత. ఇనుపరేకునేలపై గిట్టలు నిలువవు. 1978 నాటి పశురవాణా నియమములలో రైలుపెట్టెల విషయమున, పశువు పండుకొన్నప్పుడు గాయపడకుండ నేలపై 6 సెంటీమీటర్లకు తక్కువగాని మందమున గడ్డి పఱవవలయునని యున్నది. దూరము తక్కువేకదా యని యీ గడ్డి పఱచుట మానరాదని పెనిమిటిగారికి చెప్పవలసినదిగా ఆ సోదరికి వ్రాసితిమి. గడ్డి కట్టలు వాకిటనే యుండును. ఎత్తి వేయువారే కఱవు.

రాళ్లు పఱచు దినములలో గృహిణి చూడదగిన పనులు కొన్ని కలవు. పైకప్పు, గోడలపూత ముగిసినపిదపనే నేల వేయించవలయును. లేనిచో క్రొత్తరాతిపై సున్నపుచుక్కలు పడును. గది గుమ్మమునుండి గుమ్మమునకు రసమట్టము పెట్టించి చూడవలయును. తుడిచిన నీరు ఒకవైపునకు పోవునట్లు 10 అడుగులకు ఒక అంగుళము వాలుంచిన కంటికి తెలియదు, గుడ్డకు తెలియును. ప్రతిరాతి అడుగును కడిగి సిమెంటుపాలు పూసి దించవలయును. నాలుగుమూలల నాలుగు ముద్దలుంచి నడుమ డొల్లగా వదలుట త్వరగా పనిముగించువారి పద్ధతి. అట్టిరాయి ఎప్పటికైన పగులును. పఱచిన తరువాత 7 దినములు తడుపవలయును. 3 వారములవఱకు టిక్కీలు దింపరాదు. నూటికి 10 రాళ్లు ఎక్కువగా కొని దాచుకొనవలయును. అయిదేండ్ల తరువాత ఆ రంగు దొరకదు.

గదికిని వసారాకును నడుమ ఎత్తుపల్లము రెండు వ్రేళ్ల మందమున నుండుట మిక్కిలి కీడు. అది మెట్టుగా కనబడదు, కాలికి మాత్రము తగులును. ఉన్నచో పూర్తిమెట్టుండవలయును, లేనిచో సమముగా నుండవలయును. మెట్టుంచినచో దాని యంచు వేఱురంగు రాతితో వేయించినచో చూపుమందగించినవారికి తెలియును.

మిరపటిక్కీలను నేలమీద నేరుగా పేర్చక, చెక్కదిమ్మెలపై నాలుగంగుళముల యెత్తున, గోడకు జానెడు దూరమున పేర్చినచో కాయకు చెమ్మ యెక్కదు, బూజు పట్టదు, క్రింద చీపురు దూరును. ఈ చివరిది మగవారికి చెప్పనక్కఱలేదు.

ఆ సోదరికి మేము వ్రాసిన సలహా యిది. మట్టి మార్చుట మొదటిపని. అత్తగారు కూర్చుండు గదికి సగముమెఱుగు నాపరాయి. సరుకుగదికి మెఱుగులేని మందపు నాపరాయి. మెట్లకు, గడపకు గఱుకుచేసిన చీమకుర్తి రాయి. స్నానపుగదికి కుమారుడు కోరిన టైల్సు, గఱుకువి. ముగ్గురిమాటయు కొంత నిలిచినది. నాపరాయి తుడుచుట టైలు తుడుచుటంత తేలిక కాదని యొప్పుకొనుచు, పులుపు ఒలుకు పని యా గదులలో జరుగదు గనుక ఆ కష్టము సహింపదగినదని వ్రాసితిమి.

మొన్న ఆమె మరల వ్రాసినారు. మట్టి తోలించుటకు ట్రాక్టరుబాడుగ వినగానే పెనిమిటి మొదట కోపపడినారట. అప్పుడు అత్తగారు తన పుట్టినింట పగిలిన వసారాను చూచిరమ్మని ఆయనను పంపినారట. ఇప్పుడు గది 3 అడుగుల గొయ్యిగా నున్నది. అత్తగారు దాని యొడ్డున నులకమంచము వేయించుకొని దిమ్మిసదెబ్బలు లెక్కపెట్టుచున్నారట. నాలుగవవరుస యైనది, ఇంక రెండు వరుసలు మిగిలినవని జాబులో నున్నది. రాళ్లు సంక్రాంతి తరువాత వేయింతురట.